ఏ సముద్రం? ఏ కార్తె?

ఏప్రిల్ నడుమకు వచ్చేసరికి మన టీవీలకు రెండే వార్తలు. ఒకటి ఎండ, రెండోది ఎల్ నినో. ఆ రెండో మాట తెర కింద ఎర్రపట్టీలో పరుగెత్తిందంటే చాలు, టీకొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్లు గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఖరీఫ్ మొత్తాన్నీ ఎండబెట్టేస్తారు. "ఈ ఏడు ఇంక వానల్లేవంట" అని ఒకరంటే, "మా అల్లుడు ఫోన్లో చూశాడు, అస్సల్లేవంట" అని ఇంకొకరు. ఒక పెద్దాయనైతే నన్ను పక్కకు పిలిచి, "ఇంతకీ ఆ ఎల్ నినో ఎక్కడ తీరం దాటుద్దంటారు బాబూ, ఒంగోలు దగ్గరా, బందరు దగ్గరా?" అని అడిగాడు. ప్రతి తుపానుకూ ఒక పేరు తగిలిస్తున్న రోజులు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టలేం. పట్టీలో రాసినవాడికైనా అదేమిటో పూర్తిగా తెలుసని నేను పందెం కాయను.

అది తీరం దాటే సరుకు కాదండీ. కదిలి మన దాకా రాదు కూడా. మన కాళ్ల కింది భూమికి దాదాపు అవతలి ముఖాన, పెరూ దేశం ఒడ్డు నుంచి పసిఫిక్ నడిమధ్య దాకా, పైనీళ్లు మామూలు కంటే కాస్త వెచ్చబడటం. 'కాస్త' అంటే ఎంతో చెబితే నమ్మరు. అర డిగ్రీ దాటి నెలల తరబడి అలాగే నిలిస్తే చాలు, లెక్కలవాళ్లు దాన్ని ఎల్ నినో ఖాతాలో రాసుకుంటారు. గదిలో గాలి అర డిగ్రీ వేడెక్కితే మీకూ నాకూ తెలియను కూడా తెలియదు. కానీ అక్కడ వేడెక్కుతున్నది నీరు. ఒక డిగ్రీ పెరగడానికి నీరు తాగే వేడి అంతే బరువున్న గాలి తాగేదానికి నాలుగింతలు. పైగా వాళ్లు కొలిచే ఆ ముక్క ఒక్కటే మన దేశాన్ని పక్కపక్కన రెండుసార్లు పరిచినంత ఉంటుంది. అందులో అర డిగ్రీ అంటే ఎంత వేడి దాగి ఉందో చూసుకోండి.

సరే, అక్కడ నీళ్లు వెచ్చబడితే మన జొన్నచేను ఎందుకు ఎండాలి? మామూలు ఏళ్లలో పసిఫిక్ మీద గాలులు తూర్పు నుంచి పడమరకు వీస్తూ, వెచ్చని పైనీటిని ఇండొనేసియా వైపు తోస్తూ ఉంటాయి. ఎంతగా తోస్తాయంటే అటువైపు సముద్రమట్టం పెరూ వైపు కంటే సుమారు అర మీటరు ఎత్తున ఉంటుంది. ఇటు పెరూ ఒడ్డున ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లని నీళ్లు పైకొస్తాయి. వాటితోపాటే చేపల మేతా వస్తుంది. అటు ఇండొనేసియా మీద గాలి వేడెక్కి, లేచి, మబ్బు కట్టి కురుస్తుంది. ఏ ఏడాదైనా ఆ తూర్పు గాలులు నీరసించాయనుకోండి, వెచ్చని నీళ్లు వెనక్కి, అంటే తూర్పుకు, జరుగుతాయి. మబ్బులు పుట్టే చోటూ వాటి వెంటే పోతుంది. ఒకచోట లేచిన గాలి ఇంకోచోట దిగాలి కదా. ఆ దిగే చోటు మన నెత్తి మీద పడిన ఏడాది మబ్బు ఎదగదు. నడి జూలైలో ఆకాశం నీలంగా, కడిగినట్టు, ఫొటో తీసుకోవాలనిపించేలా ఉండి రైతు కడుపు మండిస్తుందే, అది ఆ దిగే గాలి పనే.

పెరూ జాలర్లు దీన్ని శాస్త్రవేత్తల కంటే ముందే పసిగట్టారు, క్రిస్మస్ రోజుల్లో వలలు తేలిపోవడం చూసి. 1972లో అక్కడి ఆంచొవీ చేపల వేట కుప్పకూలింది. అదే ఏడాది ఇక్కడ వాన ఎగ్గొట్టి మహారాష్ట్ర అల్లాడింది. ఆ కరువును అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ కథలుగా చెబుతారు.

ఈ లంకె పట్టుకోవడానికి మొదటి మెట్టు వేసినాయన గురించి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే మనిషి భలే మనిషి. పేరు గిల్బర్ట్ వాకర్. కేంబ్రిడ్జిలో గణితంలో ప్రథముడు. బూమరాంగులంటే పిచ్చి, ఎంతంటే తోటివాళ్లు 'బూమరాంగ్ వాకర్' అనే పిలిచేవాళ్లు. వాతావరణంలో మాత్రం ఓనమాలు తెలియవు. అలాంటివాణ్ణి 1904లో తీసుకొచ్చి సిమ్లాలో భారత వాతావరణ శాఖ పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు.

దానికో కారణం ఉంది. శాఖ పుట్టింది 1875లో. తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మీద మంచు ఎక్కువ పడిన ఏడాది మనకు వాన తగ్గుతోందని గమనించి, ఆ ఒక్క దారం పట్టుకుని 1880లలో ముందస్తు అంచనాలు మొదలుపెట్టాడు. ఆయన తర్వాత వచ్చిన జాన్ ఎలియట్ ఆ అంచనాలను పేజీలకు పేజీలు పెంచాడు. తీరా 1899లో వాన మొహం చాటేసింది. కరువు దేశాన్ని ఊడ్చుకుపోయింది. అన్ని పేజీల అంచనా తలకిందులైంది. మబ్బులు చూసి చెప్పేవాళ్లతో ఇక లాభం లేదు, లెక్కలు చేసేవాణ్ణి తెద్దాం అనుకున్నట్టున్నారు.

వాకర్ వచ్చి ఏం చేశాడు? గుమాస్తాలను వరసగా కూర్చోబెట్టాడు. ప్రపంచం నలుమూలల నుంచి గాలిపీడనం, వేడి, వాన లెక్కలు తెప్పించాడు. ఆఖరికి నైలు నది వరద లెక్కలు కూడా. ఒక్కోదాన్ని మన వానతో జతచేసి, ఇది పెరిగితే అది పెరిగిందా, తగ్గిందా అని చేత్తో కట్టించాడు. కంప్యూటరు లేని రోజుల్లో ఆ పని ఎంత విసుగో ఆ గుమాస్తాలకే తెలియాలి. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ పెద్దగా కనిపించవు, అదొక్కటే నాకు బాధ. ఏళ్ల తరబడి సాగిన ఆ కూడికల్లోంచి ఒక వింత తేలింది. పసిఫిక్ దక్షిణ భాగం మీద పీడనం పెరిగినప్పుడు ఉత్తర ఆస్ట్రేలియా, హిందూ మహాసముద్రం మీద తగ్గుతోంది. అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతోంది. దీనికి 1924లో సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టి, అదే ఏడాది ఉద్యోగం దిగి ఇంగ్లండు వెళ్లిపోయాడు. ఇప్పటికీ తహితి దీవి, డార్విన్ ఊరు, ఈ రెండు చోట్ల పీడనాల తేడా చూసే దాన్ని కొలుస్తారు. ఆ ఊగిసలాటను ఊపుతున్నది సముద్రపు వేడి అన్న సంగతి వాకర్‌కు అందలేదు. ఆ ముడి 1969లో జాకబ్ బ్యెర్క్‌నెస్ విప్పాడు. విప్పి, పసిఫిక్ మీద లేచి దిగే ఆ గాలి చక్రానికి వాకర్ పేరే పెట్టాడు.

అన్నట్టు, ఈ వాకరే 1913లో మద్రాసు వచ్చినప్పుడు పోర్ట్ ట్రస్టులో పనిచేసే ఒక గుమాస్తా లెక్కల పుస్తకం ఆయన కంట పడింది. ఈ కుర్రాడికి జీతం ఇచ్చి లెక్కలు చేసుకోనివ్వండి అని విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాడు. ఆ గుమాస్తా రామానుజన్. వానను సరిగ్గా పట్టుకోలేకపోయాడు గానీ మనిషిని పట్టుకున్నాడు.

సముద్రానికీ వానకూ ఉన్న ఈ లంకె తెలిశాక పాత లెక్కలు తిరగేశారు. మన తాతముత్తాతలు ధాత కరువు అని చెప్పుకున్న 1876–78 నాటి కరువు ఉంది కదా, అందులో 1877 నాటి ఎల్ నినో నమోదైనవాటిలో పెద్దవాటి సరసన నిలుస్తుందని తేలింది. బళ్లారి, కర్నూలు, కడప సీమలు వల్లకాడయ్యాయి. దేశంలో చనిపోయినవాళ్లు అర కోటి పైమాటే. మన కోస్తాలో సాగే బకింగ్‌హాం కాలువలో కొంత భాగం అప్పుడు కరువు పనుల కింద ఎముకల గూళ్లు తవ్వినదే. అయితే ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. వాన ఎగ్గొట్టింది సముద్రం. ఆ కరువులో కూడా ధాన్యాన్ని ఓడలెక్కించింది మాత్రం సముద్రం కాదు.

ఇక్కడి దాకా విని, "అయితే ఎల్ నినో అంటే కరువేనన్నమాట" అని లేచిపోకండి. 1997 ఉంది. ఆ ఏడాది పసిఫిక్ కాగిపోయింది, అంతటిది ఆ శతాబ్దంలో లేదన్నారు. దేశమంతా గుండె చేత్తో పట్టుకుని కూర్చుంది. చివరికి దేశ సగటు వాన మామూలు కంటే 2 శాతం ఎక్కువే పడింది. ఐదేళ్లు తిరిగాయి. 2002లో ఓ మోస్తరు ఎల్ నినో. పదహారు అంశాలు కలిపి అల్లిన సూత్రంతో వాతావరణ శాఖ ఈసారి మామూలు వానే అంది. జూలై మొత్తం మీద పడాల్సినదాంట్లో దాదాపు సగమే పడింది. సీజను 19 శాతం లోటుతో ముగిసింది. ఆ సూత్రాన్ని మరుసటి ఏడాది మార్చేశారు. పెద్ద ఎల్ నినో వచ్చినప్పుడు కురిసింది, చిన్నది వచ్చినప్పుడు ఎండింది. ఇదెక్కడి న్యాయం?

న్యాయం మన పెరట్లోనే ఉంది. అందరూ పసిఫిక్ వైపు మెడలు చాచి చూస్తుంటే, ఇంటి పక్కనే ఉన్న హిందూ మహాసముద్రాన్ని ఎవరూ సరిగ్గా అడగలేదు. 1999లో సాజి, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా కలిసి రాసిన వ్యాసం ఒకటి వచ్చింది. పసిఫిక్ లాగే మన సముద్రానికీ రెండు కొసలున్నాయని, కొన్ని ఏళ్లు ఆఫ్రికా వైపు కొస వెచ్చబడి సుమత్రా వైపు కొస చల్లబడుతుందని, ఇంకొన్ని ఏళ్లు తిరగబడుతుందని వాళ్లు చూపించారు. దీన్నే ఇండియన్ ఓషన్ డైపోల్ అంటున్నారు. పడమటి కొస వెచ్చగా ఉంటే మన వానకు మేలు. 1997లో జరిగింది అదే. పసిఫిక్ తోసిన తోపును మన సముద్రం భుజం పెట్టి ఆపింది. ఆ ఏడాది చివర్లో తూర్పు ఆఫ్రికా వరదల్లో మునిగింది, ఇండొనేసియా అడవులు తగలబడ్డాయి. 2019లోనూ ఆ పడమటి కొస బాగా వెచ్చబడింది, ఆ సీజను వాన 110 శాతం దగ్గర తేలింది. బెంగళూరు ఐఐఎస్సీలో సులోచనా గాడ్గిల్ బృందం 2004లో ఇంకో మాట చేర్చింది. నీటి వేడి చూసి ఊరుకుంటే చాలదు, భూమధ్యరేఖ పొడవునా మబ్బులు ఏ కొసన గుమిగూడాయో కూడా చూడాలి అని. పసిఫిక్‌నూ దీన్నీ కలిపి చూస్తే, పెద్ద కరువులు, పెద్ద వానలు దాదాపు అన్నీ ఆ రెంటి మధ్య సర్దుకుంటాయని వాళ్ల వాదన. నాకు నచ్చిన వాదన అది.

బడిలో మనకు నేర్పింది వేరు లెండి. వేసవిలో నేల సముద్రం కంటే ఎక్కువ వేడెక్కుతుంది, గాలి పైకి లేస్తుంది, తేమగాలి లోపలికి వస్తుంది, వాన. 1686లో ఎడ్మండ్ హేలీ చెప్పిన మాట అది, మూడు వందల ఏళ్లు దాటినా పాఠ్యపుస్తకం వదల్లేదు. అదే నిజమైతే రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనే కుండపోత కురవాలి. వాన లేని ఏడాది నేల ఇంకా ఎక్కువ మాడుతుంది, అప్పుడు ఇంకా బాగా కురవాలి. కురుస్తోందా? నేల వేడి గాలిని పిలుస్తుంది, నిజమే. కానీ పిలిచినంత మాత్రాన కురవదు. మబ్బు ఎక్కడ పుట్టి, ఎక్కడ లోతుగా ఎదగాలో తేల్చడంలో సముద్రానిది పెద్ద చెయ్యి.

దానికో గీత ఉంది, 28 డిగ్రీలు. సముద్రపు పైనీరు ఆ గీత దాటిన చోట ఎత్తైన వానమబ్బులు పుట్టే వీలుంటుంది, దిగువన ఉంటే కష్టం. ఇప్పుడు మన రెండు పక్కల సముద్రాలనూ చూడండి. మేలో అరేబియా సముద్రమూ బంగాళాఖాతమూ రెండూ ఆ గీత దాటే ఉంటాయి. జూన్‌లో రుతుపవనం విరుచుకుపడగానే సోమాలియా తీరం వెంట గాలి హోరెత్తి పైనీటిని దూరంగా తోసేస్తుంది. అడుగు నుంచి చల్లని నీళ్లు ఉబికి వస్తాయి. అక్కడ ఉష్ణోగ్రత 20 డిగ్రీల దరిదాపులకు దిగిపోతుంది. అరేబియా సముద్రం పడమటి సగం వానకాలమంతా చల్లబడి కూర్చుంటుంది. బంగాళాఖాతం మాత్రం చల్లబడనంటుంది. ఎందుకంటే దానికి నదులున్నాయి. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, మన గోదావరి, కృష్ణ, అన్నీ తెచ్చి మంచినీళ్లు పోస్తాయి, ఆకాశమూ పోస్తుంది. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి పాల మీద మీగడలా పైన తేలి నిలిచిపోతుంది. గాలి ఎంత చిలికినా అడుగు చల్లదనం పైకి రాలేదు. ఆ పలచని పొర ఎండకు మళ్లీ మళ్లీ కాగి, 28 దాటి, సీజనుకు డజను పైచిలుకు అల్పపీడనాలను కంటూ ఉంటుంది. అవి ఒడిశా, ఉత్తరాంధ్ర మీదుగా లోపలికి నడిచి ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, మధ్యప్రదేశ్‌లలో కురుస్తాయి. ఆ వాన మళ్లీ గోదావరిలో చేరి సముద్రానికి పోయి ఆ పొరనే బలపరుస్తుంది. అందుకే, ధవళేశ్వరం దిగువకు పోయే ప్రతి చుక్కా వృథా అని వేదికల మీద ఊగిపోయేవాళ్ల మాట విన్నప్పుడు నాకు ఒక పట్టాన తల ఊపబుద్ధి కాదు.

ఈ నీళ్ల లోపల ఏం జరుగుతోందో మనకెలా తెలుస్తుంది? హైదరాబాదులో సముద్రం లేదు గానీ సముద్రం ఆఫీసు ఉంది. ప్రగతినగర్ దగ్గర, పేరు ఇన్‌కాయిస్. చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు చెప్పేదీ, సునామీ హెచ్చరిక ఇచ్చేదీ వాళ్లే. వాళ్లు సముద్రంలో వదిలే ఆర్గో అనే పరికరం ఒకటుంది. మనిషెత్తు గొట్టం, నెత్తిన ఒక యాంటెన్నా. నీళ్లలో వదలగానే వెయ్యి మీటర్ల లోతుకు దిగి, ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు కొట్టుకుపోతూ ఉంటుంది. పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు మునిగి, పైకి వస్తూ వస్తూ వేడినీ ఉప్పదనాన్నీ కొలుచుకుని, తల బయటపెట్టి ఉపగ్రహానికి కబురు చెప్పి మళ్లీ మునుగుతుంది. బ్యాటరీ అయిపోయేదాకా నాలుగైదేళ్లు ఇదే దాని బతుకు. ప్రపంచ సముద్రాల్లో ఇలాంటివి నాలుగు వేల దాకా తిరుగుతున్నాయి. 1982లో ఇవేవీ లేవు. ఆ ఏడాది మెక్సికోలో ఎల్ చిచోన్ అగ్నిపర్వతం కక్కిన పొగకు ఉపగ్రహాల చూపు మసకబారి, అతి పెద్ద ఎల్ నినో కళ్ల ముందే పెరుగుతున్నా చాలాకాలం ఎవరూ గుర్తించలేదు. ఆ సిగ్గుతోనే తర్వాత పసిఫిక్ పొడవునా లంగరు వేసిన బోయాలు వరసగా దించారు.

ఇప్పుడు 2023 దగ్గరికి రండి. ఆ ఏడాదిని కార్తెల వారీగా చూస్తే గానీ నా గొడవేమిటో మీకు అర్థం కాదు. పసిఫిక్‌లో ఎల్ నినో పుట్టి పెరుగుతోంది. అరేబియా సముద్రంలో బిపర్‌జాయ్ తుపాను పుట్టి తేమనంతా తనవైపు లాక్కుంది. కేరళకు రుతుపవనం జూన్ 8న వచ్చింది, సరిగ్గా మృగశిర మొదలయ్యే రోజుల్లో. అది తెలంగాణ గడప తొక్కేసరికి మూడో వారం దాటింది. ఈలోపు మృగశిర వచ్చింది కదా అని ఏదో ఒక జల్లుకు ఆశపడి పత్తి గింజ పెట్టినవాళ్ల సంగతి ఆలోచించండి. ప్యాకెట్టు ధర ఆ ఏడాది ఎనిమిది వందల యాభై రూపాయల పైనే, ఎకరానికి రెండు కావాలి. నల్లరేగడిలో జానెడు లోతు పదును లేకుండా పెడితే మొలక నేల చీల్చుకుని వచ్చి రెండాకులు విప్పి మాడిపోతుంది. మళ్లీ ప్యాకెట్టు, మళ్లీ కూలి. అరవై డెబ్బై మిల్లీమీటర్లు పడే దాకా విత్తనం పెట్టకండి అని వ్యవసాయ శాఖ ఏటా మొత్తుకునేది ఇందుకే.

జూలై వచ్చింది. ఎల్ నినో ఏడాది కదా, ఎండాలి. దేశం మొత్తం మీద మామూలు కంటే 13 శాతం ఎక్కువ కురిసింది. పుష్యమి కార్తెలో మన తీరానికి దగ్గర్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పడింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు. హైదరాబాదుకు ఏడాది పొడుగునా పడే వానలో ముప్పాతిక భాగం ఆ ఊరికి ఒక్క రోజులో పడిందన్నమాట. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే జనం ఇళ్ల కప్పులెక్కి కూర్చున్నారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఏ టీకొట్టు బల్ల మీదైనా ఏప్రిల్లో ఈ మాట చెబితే నవ్వేవాళ్లు.

ఆగస్టులో తాళం పడింది. దేశంలో 36 శాతం లోటు. 1901 నుంచి లెక్కలున్నాయి, అంత పొడి ఆగస్టు వాటిలో లేదు. మఖ పుబ్బలు వరుపైతే మహత్తర క్షామం అని మన పెద్దలు ఊరికే అనలేదు. వరి పొట్టకొచ్చే రోజులు, మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజులు అవే. సెప్టెంబరులో మళ్లీ కాస్త కోలుకుంది. అప్పటికి మన హిందూ మహాసముద్రపు పడమటి కొస వెచ్చబడటం మొదలైంది. కలిపి కూడితే సీజను 94 శాతం. ఆరు శాతమే తక్కువ. కాగితం మీద చూస్తే గొడవేమీ లేని ఏడాది!

గొడవ ఎక్కడుందంటే నదిలో ఉంది. కృష్ణమ్మ నీళ్లు మన చేల మీద పుట్టవు, మహాబలేశ్వరం కొండల మీద పుడతాయి. కర్ణాటకలో ఆ ఏడాది కరువు ప్రకటించారు. ఆల్మట్టి నిండి, నారాయణపూర్ నిండి, జూరాల దాటితే గదా కిందికొచ్చేది. శ్రీశైలం నిండలేదు. ములుగులో వరద చూసిన రాష్ట్రంలోనే నాగార్జునసాగర్ కాలువ కింద ఆయకట్టు నీటికి మొహం వాచింది. నవంబరు ఆఖర్లో సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. అన్నీ పసిఫిక్ నెత్తిన రుద్దను, మన పంపకాల పాతగొడవలు మనకున్నాయి. కానీ నీళ్లు నిండుగా ఉన్న ఏడాది ఆ పోలీసులకు అక్కడ పనేముంటుంది? అది చాలదన్నట్టు డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి, డెల్టాలో కోసి పరిచిన వరి పనలను నీళ్లలో తేల్చింది.

నెల నెలకూ ఇలా ఎందుకు తిరగబడుతుందంటే, సముద్రాల వేడి సీజను మొత్తానికీ మొగ్గు ఎటో చెప్పగలదు గానీ వారాలను తన చేతిలో పెట్టుకోలేదు. భూమధ్యరేఖ వెంట మబ్బుల గుంపు ఒకటి ముప్పై నుంచి అరవై రోజులకో చుట్టు తూర్పుకు నడుస్తుంది. 1971లో మాడెన్, జూలియన్ అనే ఇద్దరు దాన్ని గుర్తించారు. అది మన పక్కనుంచి పోతున్నప్పుడు ముసురు, దాటిపోయాక బెట్ట. ఎల్ నినో ఉన్న ఏడాది ఆ బెట్ట ఇంకాస్త సాగుతుంది.

ఇక నెల్లూరు వాళ్లు నా మీద అలిగేలోపు వాళ్ల సంగతి చెప్పాలి. ఎల్ నినో అనగానే దేశమంతా ఏడుస్తుంటే వాళ్లు లోపల్లోపల కాస్త ధైర్యంగా ఉండొచ్చు. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం పోసిపోతుంది. ఎల్ నినో ఏళ్లలో ఆ వాన పెరగడమే ఎక్కువ. 2015లో చూశాం కదా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశంలో 14 శాతం లోటు. నవంబరు వచ్చేసరికి నెల్లూరు, తిరుపతి మునిగాయి, డిసెంబరు మొదట్లో చెన్నై సంగతి లోకమంతా చూసింది. ఇది కూడా రాతిమీద గీత కాదు. 2021 లా నినా ఏడాది, అంటే పసిఫిక్ పైనీళ్లు మామూలు కంటే చల్లబడిన ఏడాది, సూత్రం ప్రకారం ఈశాన్యం బక్కచిక్కాలి. ఆ నవంబరులోనే తిరుపతి వీధులు ఏరులయ్యాయి, చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం కొట్టుకుపోయి దిగువ ఊళ్లను ముంచింది.

దీని మీద సముద్రాలు మొత్తంగా వేడెక్కుతున్నాయి. పుణెలో ఉష్ణమండల వాతావరణ సంస్థలో రాక్సీ మాథ్యూ కోల్ బృందం లెక్క ప్రకారం హిందూ మహాసముద్రం పడమటి భాగం 1901 నుంచి 2012 దాకా 1.2 డిగ్రీలు పెరిగింది. అర డిగ్రీకే ఇంత కథ చెప్పాను, చూసుకోండి. మధ్య భారతంలో విస్తారంగా పడే కుండపోతలు 1950 నుంచి 2015 నాటికి మూడింతలయ్యాయని అదే బృందం 2017లో రాసింది. వేడిగాలి ఎక్కువ తేమ మోస్తుంది, దించినప్పుడు ఒక్కసారే దించుతుంది. సగటు మారకుండానే మధ్యలో ఎండ, చివర్లో వరద.

ఇంతకీ వార్త ఎలా చదవాలంటారా? వాతావరణ శాఖ ఏప్రిల్ నడుమ తొలి అంచనా ఇస్తుంది. దేశం మొత్తానికీ ఒకే శాతం, పక్కన అటూ ఇటూ ఐదు అని ఉంటుంది. పట్టీలో ఆ ఐదు రాదు. మే ఆఖర్లో రెండో అంచనా వస్తుంది, అందులో ఆ ఐదు నాలుగవుతుంది. రెండింట్లోనూ పసిఫిక్ గురించి ఒక పేరా, హిందూ మహాసముద్రం గురించి ఒక పేరా ఉంటాయి. మనవాళ్లు మొదటి పేరా చదివి మూసేస్తారు. నాకైతే వాటికంటే గురువారం గురువారం వచ్చే కాగితం ఇష్టం. రానున్న రెండు నుంచి నాలుగు వారాల్లో ఏ ప్రాంతంలో వాన తగ్గవచ్చో, ఎక్కడ పెరగవచ్చో అందులో పటం వేసి చూపిస్తారు. మంగళ, శుక్రవారాల్లో జిల్లాల వారీగా సేద్యం సలహాలూ వస్తాయి, తెలుగులోనే. ఆశ్లేష పోయి మఖ రాబోతుండగా ఆ పటంలో మన జిల్లా ఎర్రగా కనిపించిందనుకోండి, యూరియా బస్తా విప్పాలా ఆగాలా, మూలపడ్డ బోరు మోటారును ఇప్పుడే మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లాలా అన్నది ఆ సాయంత్రమే తేల్చుకోవచ్చు. మెకానిక్ దగ్గర ఆ వారానికి ఇంకా వరస కట్టి ఉండరు.